దెయ్యానికి ఎవరి ముఖం వేశారు?

సూరత్ నుంచి తూర్పుగా బార్డోలీకి వెళ్లే దారిలో కడోదరా, పల్సాణా చుట్టుపక్కల బట్టల మిల్లులు, అవి దాటితే చెరకు తోటలు. ఈ మిల్లుల్లోనూ, సూరత్ మరమగ్గాల మీదా పనిచేసేవాళ్లలో ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వలస వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు చాలానే ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోందంటే వాళ్ల సంఖ్య ఏపాటిదో ఊహించుకోవచ్చు. నగరం హద్దు దాటితే ఆ వసతి వెంట రాదు. ఇంట్లో తెలుగు, బడిలో గుజరాతీ, టీవీలో హిందీ. ఇలా పెరిగే పిల్లలకు తెలుగు చెవికి బాగా వచ్చు, కంటికి మాత్రం రాదు. సెలవులకు ఊరెళ్లి తెచ్చిన తెలుగు కథల పుస్తకం చేతికిస్తే వాళ్లు ముందు చదివేది బొమ్మనే. అక్షరాల సంగతి నానమ్మో అమ్మమ్మో చూసుకోవాలి. అంచేత పిల్లలకు దెయ్యాలు, మాంత్రికులు, శ్మశానాలు, అంతుచిక్కని రహస్యాలు ఉన్న బొమ్మల కథలు ఇవ్వాలా, ఇస్తే ఏవి ఇవ్వాలి అన్న ప్రశ్న హైదరాబాదులో కన్నా బార్డోలీలో కాస్త పదునుగా ఉంటుంది. మాట మెత్తబరచడానికి పెద్దవాళ్లు పక్కన లేని వేళ కూడా బొమ్మ తన పని తాను చేసుకుపోతుంది.

ఈ ఎంపికకు మన దగ్గర ఒకటే తూకం నడుస్తోంది: కథ ఎంత భయపెడుతుంది? భయం తక్కువైతే చిన్నపిల్లలకు, ఎక్కువైతే పెద్దపిల్లలకు, మరీ ఎక్కువైతే ఎవరికీ వద్దు. ప్రచురణకర్తలు అట్ట మీద వయసు అంకె వేసేదీ, బడి గ్రంథాలయానికి పుస్తకాలు కొనేవాళ్లు చూసేదీ, తల్లిదండ్రులు దుకాణంలో పుటలు తిప్పుతూ వెతికేదీ ఇదే. ఈ తూకం తప్పని నేననను, చాలదంటాను. భయం పాళ్లు ఎన్నో లెక్కగట్టే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. బొమ్మ ఎంత చూపించింది, ఎంత దాచింది అన్నది ఒకటి. ఆ భయానికి ఎవరి ముఖం తగిలించింది అన్నది రెండోది. మొదటిది పిల్లల నిద్రకు సంబంధించింది. రెండోది వాళ్లు పెరిగి పెద్దయ్యాక ఇరుగుపొరుగుతో ఎలా మెలుగుతారన్న దానికి సంబంధించింది. మనం మొదటిదాన్ని అప్పుడప్పుడైనా పట్టించుకుంటాం, రెండోదాన్ని దాదాపుగా పట్టించుకోం.

భయాన్ని పాళ్లలో కొలిచే అలవాటు చట్టాలకూ ఉంది. 1954లో అమెరికాలో ఫ్రెడ్రిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయంటూ ఒక పుస్తకం రాశాడు. దాని చుట్టూ లేచిన గొడవకు జడిసి ఆ ఏడాదే కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. లేచి నడిచే శవాలు, రక్తం తాగే పిశాచాలు, నరమాంస భక్షకులు, తోడేలు మనుషులు అందులో నిషిద్ధం. మరుసటి ఏడాది బ్రిటన్ ఒక చట్టం చేసింది. 1956లో మన పార్లమెంటు కూడా యంగ్ పర్సన్స్ (హార్మ్‌ఫుల్ పబ్లికేషన్స్) యాక్ట్ తెచ్చింది. నేరాలను, హింసను, క్రూరత్వాన్ని, రోత పుట్టించే లేదా భయంకరమైన సంఘటనలను యువతను చెడగొట్టే తీరులో చూపించే కథల ప్రచురణలు దాని పరిధిలోకి వస్తాయి. బొమ్మలున్న కథలా, లేనివా అన్న తేడా లేదు. ఇరవై ఏళ్ల లోపు వాళ్లంతా ఆ చట్టం లెక్కలో యువతే. నాలుగేళ్ల పిల్లకూ పంతొమ్మిదేళ్ల కుర్రవాడికీ ఒకే గీత గీసిన చట్టం పిల్లల పుస్తకాలు ఎంచుకోవడానికి ఏపాటి సాయం చేస్తుంది? దానిలో మెచ్చుకోదగ్గ మాట ఒకటుంది. విడి బొమ్మనో విడి సంఘటననో పట్టుకుని తీర్పు చెప్పకూడదు, ప్రచురణ మొత్తంగా ఏ ప్రభావం చూపుతుందో చూడాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా మన ఇళ్లలో సగం అనవసరపు నిషేధాలు తగ్గిపోతాయి. అమెరికా నియమావళిని అక్షరాలా అమలు చేస్తే ముందు వేటు పడేది మన బేతాళుడి మీదే. రిచర్డ్ బర్టన్ 1870లో ఆ కథలను ఇంగ్లీషులోకి మార్చినప్పుడు బేతాళుణ్ణి రక్తం తాగే పిశాచంగానే అట్ట మీదికి ఎక్కించాడు.

బేతాళ కథల దగ్గర కాస్త ఆగాలి. తెలుగువాళ్లకు గగుర్పాటు కథ అంటే ముందుగా గుర్తొచ్చేది అదే. గుజరాతీలకూ అది పరాయిది కాదు. 18వ శతాబ్దపు గుజరాతీ కవి శామళ్ భట్ బేతాళ పంచవింశతిని తన భాషలో పద్యకథలుగా మలిచాడు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన చందమామ ఆ తర్వాత గుజరాతీలోనూ వెలువడింది. అంటే బార్డోలీ పిల్లకు బేతాళుడు ఇంట్లో ఒక భాషలో, బడి స్నేహితుల దగ్గర ఇంకో భాషలో ఎదురయ్యే అవకాశం ఉంది. ఇంత ఉమ్మడి సరుకు వేరే కథల్లో దొరకదు. కె.సి. శివశంకరన్ చందమామలో శంకర్ పేరుతో దశాబ్దాల పాటు బొమ్మలు వేశారు. 2020లో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ఇచ్చారు. ఆయన వేసిన బేతాళ కథల బొమ్మ చూడండి. శ్మశానం, రాత్రి, చేత కత్తితో, భుజాన బేతాళుడు ఆవహించిన శవంతో రాజు. ఆ బొమ్మలో నాలుగేళ్ల పిల్ల దడుచుకోవడానికి కావలసినంత ఉంది. అయినా ఏళ్ల తరబడి అదే బొమ్మ, కథ మొదట్లో అదే చోట వచ్చింది. నెలనెలా చూసిన భయం పాతబడి పరిచయస్థుడైపోతుంది. పైగా బొమ్మలో ఉన్న రాజు పరిగెత్తడు, కూలబడడు, నడుస్తూ ఉంటాడు. పిల్లల చూపు శవం మీద ఎంతసేపు నిలుస్తుందో ఆ రాజు మీదా అంతసేపు నిలుస్తుంది. భయపడేవాడికి ఆసరా అదే చట్రంలో దొరకడం అన్నది ఆ బొమ్మలోని నేర్పు.

ఆ తర్వాత కథ చేసే పని ఇంకా గొప్పది. బేతాళుడు భయపెట్టి వదిలేయడు, ప్రశ్న వేస్తాడు. ముగ్గురిలో ఎవరిది గొప్ప త్యాగం, ఎవరిది తప్పు, న్యాయం ఎటుంది? భయం కాస్తా ఆలోచనలోకి మళ్లుతుంది. సంస్కృత మూలంలో ఉన్నవి పాతిక కథలే అయినా కొడవటిగంటి కుటుంబరావు చేతుల మీదుగా నడిచిన చందమామలో ఈ చట్రంలో కొత్త కథలు వందల్లో వచ్చాయి. ఎలాంటి కథనైనా శ్మశానం గుమ్మంలోంచి లోపలికి తెచ్చి ధర్మసందేహంగా మార్చే వీలు అందులో ఉంది. అసలు కథ చివర్లో తేలే సంగతి మరీ ముఖ్యం. సోమదేవుడి కథాసరిత్సాగరంలో రాజును బలివ్వాలని చూసినవాడు బేతాళుడు కాదు, రోజూ కొలువుకొచ్చి పండు కానుకిచ్చిన భిక్షువు. బేతాళుడే రాజును హెచ్చరించి ప్రాణం నిలబెడతాడు. చూడ్డానికి భయంకరంగా ఉన్నవాడు మేలు చేశాడు, చూడగానే చేతులెత్తి మొక్కాల్సినవాడు కీడు తలపెట్టాడు. పిల్లల గగుర్పాటు కథలో ఇంతకన్నా పనికొచ్చే మలుపు నేను ఎరగను.

చూపుకూ చేతకూ ఉన్న ఈ తేడాను పట్టుకోవడం ఏ వయసులో సాధ్యమన్నది ఊహాగానం చేయాల్సిన విషయం కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోన్ కాంటర్ తెర మీది దృశ్యాలు పిల్లల్లో పుట్టించే భయం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. సింథియా హాఫ్నర్‌తో కలిసి 1985లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే ముసలమ్మ కథను నాలుగు రకాలుగా తీసి చూపించారు. ఒకదానిలో ఆమె చూడముచ్చటగా ఉండి దయగా మెలుగుతుంది, ఒకదానిలో చూడముచ్చటగా ఉండి క్రూరంగా, ఇంకోదానిలో వికారంగా ఉండి దయగా, చివరిదానిలో రెండూ చెడ్డే. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు ముఖం చూసి మంచిచెడ్డలు నిర్ణయించేశారు. తొమ్మిది, పదేళ్ల వాళ్లు ఆమె చేసిన పనిని లెక్కలోకి తీసుకున్నారు. హల్క్ అనే టీవీ కథ మీద జరిగిన ఇంకో ప్రయోగంలో కథానాయకుడు పచ్చటి రాక్షసుడిగా మారగానే చిన్నపిల్లలు బెదిరారు. అతను జనాన్ని కాపాడటానికే అలా మారాడన్న సంగతి పెద్దపిల్లలకు ఊరటనిచ్చింది, చిన్నవాళ్లకు అది చెవికెక్కలేదు. ఇందులోంచి తేలేది ఏమిటంటే, ఆరేళ్ల లోపు పిల్లల విషయంలో బొమ్మే కథ. రచయిత ఎంత జాగ్రత్తగా రాసినా, చివర్లో రాక్షసుడు మంచివాడని ఎంత చెప్పినా, వాళ్ల మనసులో మిగిలేది చిత్రకారుడు వేసిన కోరలే.

అమెరికాలో ఒక పుస్తకానికి పట్టిన గతి దీనికి అద్దం పడుతుంది. ఆల్విన్ ష్వార్జ్ జానపద దెయ్యం కథలను ఏరి 1981లో పిల్లల కోసం ఒక సంపుటం తెచ్చాడు, తర్వాత మరో రెండు వచ్చాయి. కథలు పొట్టివి, సాదావి, కొన్ని నవ్వొచ్చేవి కూడా. స్టీఫెన్ గామెల్ వేసిన నలుపు తెలుపు బొమ్మలు మాత్రం అలాంటివి కావు. కరిగి జారిపోతున్నట్టుండే ముఖాలు, కళ్లుండాల్సిన చోట గుంతలు. 1990 నుంచి 1999 దాకా గ్రంథాలయాల్లో ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల జాబితా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వేస్తే ఈ సంపుటాలే మొదటి స్థానంలో నిలిచాయి. ముప్పై ఏళ్ల సందర్భానికి ప్రచురణకర్త కథలను అలాగే ఉంచి బొమ్మలు మార్చి, వేరే చిత్రకారుడి చేత నెమ్మదైనవి వేయించాడు. పాత పాఠకులు గోల పెట్టారు, కొన్నేళ్లకు గామెల్ బొమ్మలే తిరిగొచ్చాయి. అభ్యంతరం పెట్టినవాళ్లూ, పట్టుబట్టి వెనక్కి తెప్పించుకున్నవాళ్లూ ఇద్దరూ మాట్లాడింది బొమ్మల గురించే. ఆ బొమ్మలు చెడ్డవని నేను అనను, చిత్రకళగా అవి అసాధారణమైనవి. పదేళ్లు దాటిన పిల్లలకు ఇవ్వొచ్చు. కానీ కథ చదివి చూసి ఫరవాలేదనుకుని ఆరేళ్ల పిల్ల చేతిలో పెట్టినవాళ్లు మోసపోతారు.

అయితే బొమ్మలే ఎందుకు, కథ చెబితే చాలదా అన్న అభ్యంతరం వస్తుంది. ఇది తేలిగ్గా కొట్టేసేది కాదు. బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో జానపద కథలు పిల్లలకు చేసే మేలు గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథంలో భయంకరమైన కథలను గట్టిగా సమర్థిస్తూనే, బొమ్మలు పిల్లల ఊహను దారి మళ్లిస్తాయని అన్నాడు. కథ విన్న పిల్ల తాను తట్టుకోగలిగినంత రాక్షసుణ్ణే ఊహించుకుంటుంది, బొమ్మ మాత్రం చిత్రకారుడు నిర్ణయించిన కొలతలోనే వస్తుంది. మాట నిజమే. (ఈ పెద్దమనిషే 1969లో మారిస్ సెండాక్ రాక్షసుల బొమ్మల పుస్తకాన్ని చదవకుండానే తప్పుపట్టాడు. 1963లో వచ్చిన ఆ పుస్తకం ఇవాళ ప్రపంచమంతటా పిల్లల పక్కల్లో ఉంది.) కానీ ఆయన మనసులో ఉన్నది అన్నీ చూపించేసే బొమ్మ. దాచిపెట్టే బొమ్మ వేరే జాతి. క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ 1984లో వేసిన హారిస్ బర్డిక్ పుస్తకంలో పద్నాలుగు బొమ్మలు, ఒక్కోదానికి ఒక పేరు, ఒకటో రెండో వాక్యాలు, అంతే. కథలు పోయాయి, బొమ్మలే మిగిలాయన్నది అందులోని కల్పన. ఒక బొమ్మలో గది మధ్య తివాచీ కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంటుంది, ఒక మనిషి కుర్చీ ఎత్తి దాన్ని కొట్టబోతుంటాడు. కింద ఏముందో బొమ్మ చెప్పదు. ఎలుకంటే ఎలుక, భూతమంటే భూతం. ఎంత భయం కావాలో చూసేవాళ్లే తీసుకుంటారు. ఇలాంటి పుస్తకం భాష రెండు ముక్కలైన ఇళ్లకు అతికినట్టు సరిపోతుంది. అక్షరం అడ్డు రాదు. నానమ్మ తెలుగులో ఒక కథ అల్లుతుంది, పిల్ల దాన్నే మర్నాడు బడిలో గుజరాతీలో ఇంకోలా చెబుతుంది.

దాచడమనే విద్య మన దగ్గర లేకపోలేదు. దాసరి సుబ్రహ్మణ్యం చందమామకు తోకచుక్క మొదలుకొని జ్వాలాద్వీపం, రాకాసిలోయ, శిథిలాలయం, భల్లూక మాంత్రికుడు వంటి సీరియళ్లు రాస్తే చిత్ర అనే చిత్రకారుడు వాటికి బొమ్మలు వేశారు. ఇక్కడ దాచిపెట్టే పని కొంత బొమ్మ చేసింది, ఎక్కువ భాగం నెల చేసింది. వీరుడు గుహలో అడుగుపెట్టగానే కథ ఆగిపోతే ముప్పై రోజుల పాటు లోపల ఏముందో పిల్లలే కల్పించుకోవాలి. ఇప్పుడు ఆ సీరియళ్లను ఒకే సంపుటంగానో ఫోన్‌లో పాత సంచికల స్కాన్ ప్రతులుగానో ఏకబిగిన చదివితే, విరామం పోయి రాక్షసులు వరసగా మీదపడతారు. పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉన్న అనుభవం, పిల్లలకు ఇప్పుడు అందుతున్న అనుభవం ఒకటి కావు. కొనిపెట్టేవాళ్లు రోజుకో ప్రకరణం అని హద్దు పెడితే చాలావరకు సరిపోతుంది.

ఇక రెండో సంగతి, ముఖం. బాలనాగమ్మ కథ తెలియని తెలుగిల్లు తక్కువ. బుర్రకథగా, నాటకంగా ఊరూరా తిరిగి, 1942లో జెమినీ వారి సినిమాగా కూడా వచ్చింది. అందులో ఆడవాళ్లను కుక్కలుగా, మనుషుల్ని రాళ్లుగా మార్చే మాంత్రికుడు ఒకచోట మాయల మరాఠీ, ఇంకోచోట మాయల ఫకీరు. ఆంధ్రదేశంలో కూర్చుని చదివితే అది ఒట్టి పాత్ర పేరు. సూరత్‌లో లింబాయత్ వంటి పేటల్లో తెలుగువాళ్లూ మరాఠీలూ ముస్లింలూ గోడకు గోడ ఆనుకుని బతుకుతున్నారు. అక్కడ పెరిగే పిల్లకు ‘మరాఠీ’ అంటే పక్కింటి ఆంటీ. గడ్డం, తాయెత్తు, ఆకుపచ్చ అంగీ వేసి మాంత్రికుడి బొమ్మ గీస్తే అది ఎవరిలా ఉందో ఆ పిల్ల చెప్పగలదు. మన పాత జానపద కథల్లో అడవి మనుషులంటే ఎముకల దండలు, ఈటెలు, మరుగుతున్న కాగు. బార్డోలీ తాలూకాలో ఆదివాసులైన హళపతులు, చౌధరీలు, గామిత్‌లు పొలాల్లో, బడుల్లో, బజారులో రోజూ కనిపించే జనం. చెరకు కోతల కాలంలో కోయితా కత్తి పట్టుకుని డాంగ్, ఖాందేశ్‌ల నుంచి వచ్చి తోటల పక్కన గుడిసెలు వేసుకునేవాళ్లలోనూ ఆదివాసులు ఎక్కువ. నరమాంసం తినే నల్లటి ఆటవికుడి బొమ్మ చూసిన పిల్ల మర్నాడు ఆ గుడిసెల పక్కగా నడిచి బడికి వెళ్తుంది. చిత్రకారుడికి అలాంటి ఉద్దేశం లేకపోవచ్చు. ముఖాన్ని బట్టి మంచిచెడ్డలు నిర్ణయించే వయసులో ఉన్న పిల్లకు ఉద్దేశాలతో పని లేదు.

ముసలి మంత్రగత్తె బొమ్మ సంగతి ఇంకా తీవ్రమైనది. వంకర ముక్కు, జుట్టు విరబోసుకున్న ఒంటరి ముసలిది, కళ్లలో పగ. గుజరాత్ తూర్పు ఆదివాసీ ప్రాంతాల్లో ‘డాకణ్’ అని, తెలంగాణలో ‘బాణామతి’ చేసిందని ముద్రవేసి ఆడవాళ్లను కొట్టిన, చంపిన ఘటనలు ఎప్పటినుంచో ఉన్నాయి. ముద్ర పడినవాళ్లలో ఒంటరి వాళ్లు, వితంతువులు, వయసు మళ్లినవాళ్లు ఎక్కువ. యూరప్‌లో మంత్రగత్తెల వేట ముగిసి శతాబ్దాలైంది కాబట్టి అక్కడి బొమ్మల పుస్తకంలో చీపురెక్కిన ముసలమ్మ ఒక వేషం మాత్రమే. మన దగ్గర అది వేషం కాదు, ఇంకా కొట్టేయని కేసు. ఈ కారణంగా ఎంతో మెత్తగా, నవ్వొచ్చేలా వేసిన మంత్రగత్తె బొమ్మకన్నా జడిపించే బేతాళుడి బొమ్మే నయమని నా అభిప్రాయం. బేతాళుడి పోలికలున్నవాళ్లు ఏ ఊళ్లోనూ ఉండరు.

ఇక్కడొక చిక్కు ప్రశ్న వేయొచ్చు. బేతాళ కథలో ప్రతినాయకుడు కూడా మనిషేగా, భిక్షువేగా? అవును. కానీ అతను లోకం అప్పటికే అనుమానించే మనిషి కాడు, మొక్కే మనిషి. రాజు కొలువులో గౌరవం పొందేవాడి మీద అనుమానం కలిగించే కథ పిల్లలకు కళ్లు తెరిపిస్తుంది. ఊరంతా ముందే వెలేసినవాళ్ల మీద మరింత భయం కలిగించే కథ కళ్లు మూయిస్తుంది. గుజరాతీ ఇళ్లలో అన్నం తినకపోతే ‘బావో’ వచ్చి ఎత్తుకుపోతాడని బెదిరిస్తారు, బిచ్చానికి వచ్చే బైరాగి అన్నమాట. మన ఇళ్లలో బూచాడు ఉన్నాడు, వాడికి కులం లేదు, వేషం లేదు, ఎలా ఉంటాడో బెదిరించే అమ్మకే తెలియదు. రెండింట్లో ఏది తక్కువ చేటో వేరే చెప్పక్కర్లేదు, బెదిరించి తినిపించడమే మంచిది కాదన్నది వేరే సంగతి.

హేతువాదుల అభ్యంతరం దీనికన్నా లోతైనది. ముఖం ఎవరిదైనా కానీ, దెయ్యం ఉందని చెప్పే కథ మూఢనమ్మకానికి నారు పోస్తుంది కదా? 2013లో మహారాష్ట్ర, 2024లో గుజరాత్ చేతబడుల పేరిట జరిగే అమానుషాలకు వ్యతిరేకంగా చట్టాలు చేసుకోవాల్సి వచ్చిన దేశంలో పిల్లలకు భూతాల కథలా? ఈ ప్రశ్న వేసేవాళ్లను నేను గౌరవిస్తాను. ఊళ్లలో నిజమైన పని చేసింది వాళ్లే. కానీ కథను కథగా చెప్పడానికీ, నిజమని చెప్పడానికీ మధ్య ఉన్న గీతను వాళ్లు చూడరు. అనగనగా అని మొదలైన క్షణంలోనే పిల్లలకు అది వేరే లోకమని తెలుస్తుంది. శవం మాట్లాడుతుందని బేతాళ కథ విన్న ఏ పిల్లా శవాలతో మాట్లాడబోదు. ‘మా మేనమామ ఊళ్లో నిజంగా జరిగింది’ అని మొదలయ్యేది వేరు. కెమెరాకు చిక్కిన దెయ్యం అంటూ ఫోన్లలో తిరిగే వీడియోలు ఈ రెండో జాతివి. అవి కల్పన అని ఒప్పుకోవు, ఉన్నట్టుండి అరుపుతో తెర మీదికి ముఖాన్ని విసురుతాయి, ఆపేలోగా అయిపోతాయి. పుస్తకంలో పుట తిప్పేది పిల్ల చెయ్యి. ఇష్టం లేకపోతే మూసేస్తుంది, బొమ్మను అరచేత్తో కప్పి మిగతాది చదివించుకుంటుంది. హేతువాదులు తమ శక్తిని నిజం పేరుతో అమ్మే భయం మీద పెడితే, కల్పన పేరుతో వచ్చే భయం వాళ్లకు తోడు నిలుస్తుంది. చిక్కుముడి ఇచ్చి విప్పమనే కథ విన్న పిల్ల రేపు మంత్రగాడు చెప్పినదాన్నీ అంత తేలిగ్గా మింగదు.

నిద్ర చెడుతుందన్న తల్లుల ఫిర్యాదుకు వాదనతో పని లేదు, అది నిజం. కొందరు పిల్లలు ఒక్క బొమ్మకే వారం రోజులు దీపం ఆర్పనివ్వరు. అలాంటి పుస్తకాలు పగలు, పెద్దవాళ్లు పక్కనుండగా చదవాలి, రాత్రి పడుకోబోయే ముందు కాదు. బెదిరిన పిల్లతో ‘అదంతా ఉత్తిదే’ అనడం పదేళ్ల పిల్లకు పనికొస్తుంది, నాలుగేళ్ల పిల్లకు పనికిరాదు. చిన్నపిల్లలకు దగ్గరికి తీసుకోవడం, తినడానికి ఏదైనా చేతిలో పెట్టడం వంటివి మాటల కన్నా ఎక్కువ పనిచేస్తాయని కాంటర్ పరిశోధనలు కూడా చెబుతున్నాయి. ఏ పాత అమ్మమ్మకైనా తెలిసిన సంగతే అనుకోండి. ఇక ‘మేమూ చదివాం, మాకేమైంది’ అనే పెద్దల మాట సాక్ష్యంగా నిలవదు. భయపడి చందమామను పక్కన పడేసిన పిల్లలు పెద్దయ్యాక చందమామ గురించి వ్యాసాలు రాయరు కదా.

ఎంచుకోవాలన్నా సరుకు ఉండాలి, తెలుగులో అసలు ఇబ్బంది అదే. చందమామ 2013 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు పిల్లల పుస్తకాల మీద శ్రద్ధగా పనిచేస్తున్నవాళ్లు లేకపోలేదు. హైదరాబాదులో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ ఉంది. చెన్నైలోని తూలిక తెలుగు, గుజరాతీ రెండింట్లోనూ బొమ్మల పుస్తకాలు వేస్తుంది. ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో రెండు భాషల కథలూ ఉచితంగా దొరుకుతాయి. బార్డోలీ వంటి చోట ఈ చివరి రెండూ వరంలాంటివి. ఒకే కథను నానమ్మ తెలుగులో, మనవరాలు గుజరాతీలో చదువుకోవచ్చు. కానీ వీటిలో గగుర్పాటు కథలు బాగా తక్కువ. చెట్టు, పిట్ట, వాన, స్నేహం, పంచుకోవడం. అన్నీ మంచివే, కానీ వరసగా చదివితే చక్కెర ఎక్కువైన పాయసంలా వెగటు పుడుతుంది. కథే పాఠమని భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిరం నడిపి, కథ చెప్పడమెలాగో ఒక శాస్త్రగ్రంథమే రాసిన గిజుభాయి బధేకా గుజరాతీవాడే. ఆయన రాసిన దివాస్వప్నం పుస్తకంలో అల్లరి తరగతిని దారికి తెచ్చేది బెత్తం కాదు, కథ. చెవులు రిక్కించి వినేలా చేయడానికి ఉత్కంఠ కావాలని, ఉత్కంఠకు కాస్త చీకటి కావాలని ఒప్పుకోని ప్రచురణకర్తలు ఆ శ్రోతలను ఫోన్‌కు అప్పగిస్తున్నారు.

ఆ చీకటి కోసం ప్రతిసారీ శ్మశానానికే పోనక్కర్లేదు. బార్డోలీ చరిత్రలోనే ఒక రహస్య కథ దాగి ఉంది. 1928లో భూమిశిస్తు 22 శాతం పెంచినప్పుడు వల్లభ్‌భాయి పటేల్ నాయకత్వంలో రైతులు శిస్తు కట్టడం మానేశారు. జప్తు అధికారులు ఊళ్లోకి వచ్చేసరికి ఇళ్లకన్నిటికీ తాళాలు. ఎక్కడో డప్పు మోగుతుంది, శంఖం ఊదుతారు, వీధిలో మనిషి జాడ ఉండదు. లోపల జనం గేదెలతో కలిసి తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు. నెలల తరబడి ఎండ తగలక గేదెల నలుపు పోయి రంగు పాలిపోయిందని చెప్పుకుంటారు. చివరికి విచారణ జరిగి పెంపు 6.03 శాతానికి దిగింది. పాఠ్యపుస్తకంలో ఇది రెండు పేరాల ఉద్యమం. పిల్లల బొమ్మల పుస్తకంగా తెస్తే, కాపలా కాసే పిల్లవాడి కంటితో చూపిస్తే, నిర్మానుష్యంగా కనిపించే ఊరు, తలుపుల వెనక ఊపిరి బిగబట్టిన మనుషులు, పాలిపోయిన గేదె. ఇంతకు మించిన గగుర్పాటు ఏ దెయ్యమూ ఇవ్వలేదు. చిత్రకారుడికి ఒక్క పరీక్ష ఎదురవుతుంది. జప్తుకు సర్కారు పఠాన్లను దించింది, ఊళ్లు వాళ్లను చూసి హడలిపోయాయి. ఆ భయాన్ని పఠాన్ ముఖం మీద పెడతాడా, జీతానికొచ్చిన ఆ మనిషి వెనక ఉన్న జప్తు కాగితం మీద పెడతాడా అన్నదాన్ని బట్టి ఆ పుస్తకం నాకు ఎంత నచ్చుతుందో తేలుతుంది.

దుకాణంలోనో పుస్తక ప్రదర్శనలోనో ఇలాంటి పుస్తకం చేతికొచ్చినప్పుడు అట్ట మీది అంకెను వదిలేసి, రాక్షసుడో మాంత్రికుడో మొదట ప్రత్యక్షమయ్యే పుట తీయాలి. అదే బొమ్మలో భయానికి ఎదురు నిలిచేవాళ్లు ఉన్నారా, వాళ్ల ముఖం కనిపిస్తోందా? రాక్షసుణ్ణి పూర్తిగా బయటపెట్టారా, తలుపు సందులోంచో నీడలోంచో మాత్రమే చూపించారా? వాడి ఒంటి రంగు, బట్ట, ముక్కు తీరు పిల్ల రోజూ చూసే ఎవరినైనా గుర్తు తెస్తున్నాయా? తర్వాత చివరి పుట. భయాన్ని చంపేసి చేతులు దులుపుకున్నారా, ఏదైనా ప్రశ్న మిగిల్చారా? ఇదంతా రెండు నిమిషాల పని. ఈలోగా ప్రచురణకర్తలు చేయగలిగిన సాయం ఒకటుంది. తెలుగు పిల్లల పుస్తకాల్లో చిత్రకారుల పేరు చాలాసార్లు లోపలి పుటలో, ముద్రణ వివరాల నడుమ చిన్న అక్షరాల్లో పడుతోంది. దాన్ని రచయిత పేరుతో సమానంగా అట్ట మీదికి తేవాలి. ఒకసారి నచ్చిన బొమ్మలు ఎవరివో తెలిస్తే, నాన్న సూరత్‌లో మగ్గం దగ్గర నుంచే ఆ పేరు చెప్పి ఊరి నుంచి ఇంకో పుస్తకం తెప్పించుకోగలడు.